పొద్దు గూకినంక పెట్టే క్రీము

నా క్రీములు రెండూ ఒకచోట ఉండవు. పగలు రాసుకునే సన్‌స్క్రీన్ తలుపు పక్కన, చెప్పుల స్టాండు మీద ఉంటుంది. రాత్రి మందు బీరువాలో, చీరల వెనక. ఒకటి తీసేటప్పుడు రెండోది కంటికి కూడా కనబడకూడదని నేను పెట్టుకున్న ఏర్పాటు అది. సన్‌స్క్రీన్ మూత తిప్పిన ప్రతిసారీ నాకు మా ఏరాలు గుర్తొస్తుంది. ఏరాలంటే మా బావగారి భార్య. "ఇంకా మర్చిపోలేదా?" అంటాడు మా ఆయన. ఎందుకు మర్చిపోవాలి? కాలిన మొహం ఆయనదా?

మా ఇల్లు కంచన్‌బాగ్ దగ్గర. కింద వాళ్లు, పైన మేము. కింద ముందుగదిలో ఏరాలి బ్యూటీపార్లర్. నేను నయాపూల్ దాటాక ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఎప్పుడూ నైట్ డ్యూటీయే. ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. లోపలికి వచ్చే ఎవరైనా మొదట చూసేది నా మొహమే, అడిగేది నన్నే. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరైనా "మేడం" అన్నారంటే ఆ కుర్చీలో కూర్చున్నాకే.

రాత్రుళ్లు మేలుకుని మేలుకుని మొహం పీక్కుపోయింది. ఒకరోజు ఏరాలు పత్తర్‌గట్టి సందుల్లో హోల్‌సేల్‌గా తెచ్చిన డబ్బాలు రెండు నా చేతిలో పెట్టింది.

"తెల్ల మూతది లేసినంక పెట్టుకో. నీలి మూతది పండుకునేటప్పుడు. గంతే చెల్లే, ఏం ఫికర్ లేదు. మస్తు గ్లో వస్తది."

నేను పడుకునేది ఎప్పుడు? పొద్దున డ్యూటీ దిగి వచ్చాక. ఆ సంగతి ఆమెకు తెలియనిదా? ఆమె పార్లర్ ఊడ్చుకునే వేళకే నేను చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కేదాన్ని. సరే, పెద్దది, పని తెలిసింది, చెప్పింది చేద్దామనుకున్నాను. పొద్దున్నే స్నానం చేసి నీలి మూత డబ్బాలోది దట్టంగా పట్టించి, కర్టెన్లు లాగి పడుకునేదాన్ని. మధ్యాహ్నం "నల్లా వచ్చింది!" అని గల్లీలో కేక వినబడగానే బిందెలు పట్టుకుని అదే మొహంతో పరుగు. మా గల్లీ నల్లా దగ్గర గోరంత నీడ ఉండదు. మాడు పగిలే ఎండలో వరసలో నిలబడి, నీళ్లు పట్టుకుని, మెట్లెక్కి, మళ్లీ దిగేదాన్ని.

మొదట చెంపలు ఎర్రబడ్డాయి. గ్లో వస్తోందనుకున్నాను! తర్వాత మంట. తర్వాత పొట్టు లేచింది. అది రాలిన చోటల్లా నల్లటి మచ్చలు తేలాయి. అద్దంలో చూసుకుని భయపడి, కొంగు కప్పుకుని కిందికి పరుగెత్తాను. పార్లర్ నిండా ఆడవాళ్లు. కుర్చీలో ఒకామెకు ఏరాలు కనుబొమ్మలు దిద్దుతోంది. పళ్ల మధ్య ఉన్న దారం తీసి నా వైపు చూసింది.

"ఏందిది? ఎప్పుడు పెట్టినవే?"

"పండుకునేటప్పుడు. నువ్వే చెప్పినవ్ గద అక్కా."

"నువ్వు పండుకునేది పట్టపగలు! నైట్ క్రీమ్ అంటే నైట్ పెట్టుకుంటరు గాని, పొద్దుగాల ఎవలన్న పెట్టుకుంటరా? అరే, పూరా ఉల్లూ ఉన్నవ్ గదనే!"

ఉల్లూ అంటే గుడ్లగూబ. ఉల్లూ అంటే తెలివితక్కువ దద్దమ్మ కూడా. రాత్రంతా మేలుకునేదానికి ఆ ఒక్క మాట రెండు వైపులా అతికింది. గది గదంతా నవ్వింది. కుర్చీలో ఉన్నామె కనుబొమ్మ సగంలో ఉండగానే పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాటికి గల్లీలో నా పేరు ఉల్లూ. నల్లా దగ్గర "ఉల్లూ బిందె జరుపుండ్రి" అనేవాళ్లు.

ఆసుపత్రిలో సూపర్‌వైజరు మర్యాదగానే చెప్పాడు. "పేషెంట్లు భయపడుతున్నారమ్మా. తగ్గేదాకా ఫైల్ రూంలో కూర్చోండి." దుమ్ముపట్టిన ఫైళ్ల మధ్య, కిటికీ లేని ఆ గదిలో నేను ఏడ్చిన ఏడుపు ఎవరికీ తెలియదు. ఏడుస్తూనే ఆమె ఫేస్‌ప్యాకులో కారం కలిపినట్టు ఊహించుకునేదాన్ని. ఎర్రకారం కాదు, కొరివికారం. అలా అనుకుంటే కాస్త ఊపిరాడేది.

మా ఆసుపత్రిలోనే సాయంత్రాలు కూర్చునే చర్మం డాక్టరమ్మ నన్ను చూసి నీలి మూత డబ్బా తెమ్మంది. తిప్పి తిప్పి చూసింది. దాని మీద తయారు చేసినవాడి పేరు లేదు, ఏం కలిపారో లేదు.

"ఎవరిచ్చారమ్మా ఇది? చెత్తలో పడెయ్యి. ఇకముందు నేను రాత్రి మందు రాసిచ్చినా ఒకటి గుర్తుపెట్టుకో. దానికి నీ నిద్రతో పనిలేదు, ఎండతోనే పని. చీకటి పడ్డాక రాసుకో. తెల్లారి ఇక్కడే మొహం కడుక్కుని, సన్‌స్క్రీన్ వేసుకునే బయట అడుగుపెట్టు."

అంటే పొద్దు గూకినంక. మా అమ్మ రోజుకు పదిసార్లు వాడే మాట. పండుకునేటప్పుడు అనే బదులు ఏరాలు ఆ మాట అని ఉంటే నా మొహం నాకుండేది. ఆ మాట నోటి చివర ఉండీ చెప్పలేదు, పైగా నవ్వింది. నా ఒళ్లు భగ్గుమంది.

మొహం నెమ్మదిగా దారికొచ్చింది. కుర్చీ కూడా తిరిగొచ్చింది. అప్పుడు మొదలుపెట్టాను నా పని. మా గల్లీలో రాత్రి పనికి పోయే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు, చాలామంది దగ్గర ఏరాలు అమ్మిన నీలి మూత డబ్బా ఉంది. నల్లా దగ్గర బిందె దించి, నా చెంప మీద మిగిలిన మచ్చ చూపించి, ఇది నీలి మూత డబ్బా పనేనని పార్లర్‌లోకి వినబడేంత గట్టిగా చెప్పాను. డబ్బా మీద తయారు చేసినవాడి పేరుందేమో చూసుకోండన్నాను. ఒక్కొక్కరూ డబ్బాలు తెచ్చి పార్లర్ బల్ల మీద పెట్టి, "ఏందక్కా ఇది, వాపస్ తీస్కో" అంటుంటే పైన కిటికీలోంచి చూశాను. కడుపు చల్లబడింది. అయినా సగమే. నాకు కావాల్సింది ఆమె నోటితో ఒక మాట.

ఒక సాయంత్రం ఆమే ఆసుపత్రికి నడిచొచ్చింది. మొహానికి చున్నీ చుట్టుకుని, కళ్లు మాత్రమే కనబడేలా. ఆ డబ్బా ఆమె కూడా వాడేదట. అది కూడా రాత్రిపూటే, పద్ధతిగా. ఆపితే మంట, పెడితే ఎరుపు.

"చెల్లే, డాక్టర్ టోకెన్ ఇయ్యవా," అని గుసగుసగా అడిగింది.

"సమస్య ఏమిటి మేడం? ఏం రాసుకున్నారు? కొంచెం గట్టిగా చెప్పండి."

వెనక వరసంతా తల తిప్పింది. ఆమె కళ్లు చిన్నబోయాయి. "క్రీము... నీలి మూతది," అంది. టోకెన్ ఇచ్చాను. ఆలస్యం చేయలేదు, ఆ పాపం నాకొద్దు.

కాసేపటికి ట్యూబులు రెండు పట్టుకుని మళ్లీ నా ముందుకొచ్చింది. డాక్టరమ్మ చెప్పినప్పుడు ఏడుస్తూ కూర్చుందట, ఏదీ తలకెక్కలేదట. "ఏది పొద్దటిది, ఏది రాత్రిదే?" అని రెండూ బల్ల మీద పెట్టింది. ఒక్క మాట తారుమారు చేస్తే చాలు, మధ్యాహ్నం నల్లా ఎండ మిగతాది చూసుకుంటుంది. దేవుడి మీద ఒట్టు, ఆ మాట నా నాలుక మీదిదాకా వచ్చింది.

పెన్ను తీసి ఒక ట్యూబు మీద "ఎండకు", రెండో దాని మీద "పొద్దు గూకినంక" అని పెద్ద అక్షరాలతో రాశాను. రాసి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నాను. "నల్లా కాడ చెప్తవా? ఉల్లూ ఎవలో?"

తల ఊపింది. మర్నాడు మధ్యాహ్నం, అందరి ముందూ, సన్‌స్క్రీన్ తెల్లగా తేలిన మొహంతో చెప్పింది. "తప్పు నాదే. దానికి నేనే సరిగ చెప్పలే. ఉల్లూ నేనే." ఎవరూ నవ్వలేదు. నాకు జాలేసింది, ఆనందమూ వేసింది. ఆనందమే ఎక్కువ.

అయినా ఇంట్లో కూడా ఆమెను మేడం అనే పిలుస్తున్నాను. మొన్న నా బిందె తనే ఎత్తి నా చంకకిస్తూ అడిగింది: "ఇగ చాలు గదనే. మల్ల అక్కా అని ఎప్పుడు పిలుస్తవ్?"

"పొద్దు గూకినంక," అన్నాను.

పొద్దు గూకినంక నేను డ్యూటీలో ఉంటానని ఆమెకు తెలుసు.