పాత సర్వీసు

డెబ్బైల చివర, విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్‌కి కాస్త దూరంలో ఉన్న ప్రభుత్వ ప్రసూతి కేంద్రంలో మిడ్‌వైఫ్‌గా చేరాను. ట్రైనింగ్ అప్పుడే పూర్తయింది. పక్కన నిలబడి నాకు ధైర్యం చెప్పింది యారాడ నుంచి వచ్చే ఒక అక్క. అప్పటికే ఆవిడ ఎన్నో ఏళ్లుగా అక్కడ కాన్పులు చేస్తోంది. సర్టిఫికెట్ మాత్రం లేదు.

కొత్త జీతాల ఉత్తర్వు వచ్చినప్పుడు ట్రైనింగ్ ఉన్నవాళ్లని పై గ్రేడులో వేశారు. అక్కని ఆయాల గ్రేడులోనే ఉంచేశారు. ఇద్దరిదీ ఒకటే డ్యూటీ, ఒకటే గది. పెరిగిన జీతం అందుకున్న రోజు ఆవిడ ముఖం చూడలేకపోయాను. మేం నలుగురం కలిసి ఆవిడని ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్లాం.

"బావూ, బిడ్డని ఇద్దరం కలిసే పట్టినాం. ఈ పాప సేతికో గ్రేడు, నా సేతికో గ్రేడేటి?" అని అడిగింది అక్క.

"రూలు నేను పెట్టలేదమ్మా. ట్రైనింగ్ చేసి పరీక్ష పాసవ్వు, నీకూ ఇస్తారు" అన్నాడాయన.

యాభైకి దగ్గరపడుతున్న మనిషి ట్రైనింగ్‌కి వెళ్లింది. కూతురి వయసు పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుంది. తీరిక దొరికినప్పుడల్లా నేను పాఠాలు చదివి వినిపించేదాన్ని. పాసైంది. ఆ వేళ వార్డంతా బెల్లం పంచిపెట్టింది.

గ్రేడు ఇచ్చారు. కానీ ఆ రోజే ఉద్యోగంలో చేరినట్టు రాశారు. వెనకటి సర్వీసంతా పోయింది. సీనియారిటీలో ఆవిడ నా కిందికి వచ్చింది. మర్నాడు పొద్దున అందరి ముందూ నన్ను "సిస్టరుగారండీ" అని పిలిచింది.

"అలా పిలవకక్కా" అన్నాను.

"రూలు పెట్టినోలు పెట్టీసేరు. నాను పిలిత్తే తప్పేటి?"

ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

యూనియన్ వాళ్లతో కలిసి కొన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఎనభైల మధ్యలో, అలా పరీక్ష రాసి పైకొచ్చిన ఆయాలకి పాత సర్వీసు కలపడానికి ఒప్పుకున్నారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకే. అక్క అప్పటికి రిటైరైపోయింది. ఆ మాట చెప్పడానికి నేనే యారాడ వెళ్లాను. వాకిట్లో చేపలు ఎండబెడుతోంది.

"మరి నాకో?" అంది అంతా విని.

"నీకు లేదక్కా."

చేతిలో ఉన్న చేపని తిరగేసి ఎండలో పెట్టింది.

"ఎనకొచ్చినోలకి వొచ్చింది గదా" అంది చివరికి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. తర్వాత లేచి, చేతులు కడుక్కుని, నాకు అన్నం వడ్డించింది.