అలంకరణ గదిలో హేమమాలిని

సారం అనే పేటలో ఆడపిల్ల పెద్దమనిషైతే వీధి మొదట్లో ఆ పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కడతారు. మైకు పెడతారు, బిర్యానీ వండుతారు. ఊరంతటికీ చాటుతారు గాని, తన ఒంట్లో ఏం జరిగిందో ఆ పిల్లకు మాత్రం ఒక్కరూ చెప్పరు. ఆ పని హేమమాలినిది. ఎవరూ అప్పగించలేదు, తనే నెత్తినేసుకుంది.

ఆమె ఫంక్షన్లకు పిల్లలను అలంకరించే మనిషి. చీర కట్టే వంకతో గది గడియ వేసేది. పిల్ల వెనక నిలబడి, అద్దంలోకి చూస్తూ, నెలసరి ఎందుకొస్తుందో, ఇష్టం లేని చెయ్యి మీద పడితే ఏం చెయ్యాలో వయసుకు తగ్గట్టు చెప్పేది. కాస్త పెద్దయ్యాక వచ్చి అడిగితే కడుపు రాకుండా ఉండే మార్గాలూ దాచకుండా చెప్పేది. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట: "ఏం జరిగినా నా దగ్గరికి రా. తిట్టను." ఏ తల్లి చెవినైనా పడితే తన బతుకు బజారున పడుతుందని తెలుసు. అయినా మానలేదు.

సొంత కూతురు దీపా ఫంక్షన్‌నాడు మాత్రం ఆ గదిలో హేమమాలిని లేదు. మేనమామ పెళ్లామే అలంకరించాలన్నది వాళ్ల ఆనవాయితీ. వదిన మీనాంబాళ్ లోపల గడియ వేసుకుంటే, ఈవిడ వాకిట్లో పన్నీరు చల్లుతూ నిలబడింది. రేపు చెబుదాంలే అనుకుంది. ఊరి పిల్లలతో గలగలా మాట్లాడే మనిషికి కన్నకూతురి ముందు ఆ మాట ఎత్తడం చేతకాలేదు. దీపాకు పందొమ్మిదేళ్లు వచ్చాయి, ఆ రేపు ఇంకా రాలేదు.

ఈ శనివారం మధ్యాహ్నం కూతురి కాలేజీ సంచి ఉతకబోతే లోపలి అరలో ఖాళీ మాత్ర రేకు దొరికింది. ఒకే మాత్ర పట్టే రేకు. కడుపు రాకుండా అప్పటికప్పుడు వేసుకునే మాత్రదని హేమమాలినికి ఎవరూ చెప్పక్కర్లేదు. రేకు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఎవడు వాడు? బలవంతం చేశాడా? వాళ్ల నాన్నకు తెలిస్తే? ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మళ్లీ చేసినా స్విచ్చాఫే. పిల్ల భయపడి ఏ అఘాయిత్యమైనా చేసుకుందేమో అనిపించింది. చెప్పులేసుకుని వీధిలోకి పరుగెత్తింది. ఎవరిని ఏమని అడగాలో తెలియక వెనక్కి వచ్చింది.

కాసేపటికి దీపా వచ్చింది. తల్లి చేతిలో రేకు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఫోనెందుకు ఆపేసినావు?"

"చార్జు అయిపోయిందిమా."

"బలవంతం చేసినాడా?"

"లేదు."

"ఎప్పుడేసుకుంటివి ఇది?"

"పోయిన నెల. జరిగిన మూడో దినం."

హేమమాలిని రేకు వైపు చూసింది. ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పనిచేసే మాత్ర అది. "అంతవరకు ఏంది చేస్తా ఉంటివే?"

"ఏడస్తా ఉంటిని. నువ్వు ఫంక్షన్‌కి అలంకరించినావే, ఆ సోలై నగర్ కయల్‌ని అడిగితే, మీ అమ్మనే అడుగు, నాకంతా ఆమే చెప్పింది, తిట్టదు అనింది." దీపా గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "నిన్నడగాలంటే భయమేసిందిమా. ఊర్లో పిలకాయలకంతా చెప్తివే, నాకెందుకు చెప్పలేదు?"

ఆ మాటకు హేమమాలినికి చచ్చేంత సిగ్గేసింది.

"ఈ నెల బయట చేరినావా?"

"లేదు. వారం దాటిపాయ."

హేమమాలిని గది గడియ వేసింది. కూతురిని అద్దం ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి దువ్వెన అందుకుంది. ఎదురుగా నిలబడితే మాట రాదని ఆమెకు తెలుసు. దువ్వెన చిక్కులో ఇరుక్కుపోయింది.

"ఆ మాత్ర వల్ల కూడా ఒక్కోసారి నెలసరి వెనక్కి పోతుంది కన్నా. పొద్దున పరీక్ష చేసి చూద్దాం. ఏమొచ్చినా డాక్టరమ్మ కాడికి ఇద్దరం పోదాం. ఏం జరిగినా నా దగ్గరికి..."

ఎంతమంది పిల్లలకో అలవోకగా చెప్పిన మాట అక్కడ ఆగిపోయింది.

"తిట్టవు కదా?" అంది దీపా.

"తిట్టను."

అద్దంలో రెండు మొహాల్లో తల్లి మొహమే ఎక్కువ భయపడి ఉంది. ఆమె కళ్లు దించుకుని జడ అల్లడం మొదలుపెట్టింది.