అమ్మకు నచ్చిన హ్యాండిల్

మా అమ్మ మైసమ్మ ముప్పై ఏళ్లు తలమీద గంప పెట్టుకుని ఇబ్రహీంపట్నం చెరువు చేపలు అమ్మింది. శేరిగూడలో ఆమె గొంతు తెలియని ఇల్లు లేదు. నిరుడు మెడ పట్టేస్తే, ఇక గంప ఎత్తొద్దన్నారు దవాఖానలో. ఇంట్లో కూర్చోమన్నాను నేను.

"కూసుంటే పొద్దెట్ల పోతది? సైకిల్ నేర్చుకుంట. గంప ఎనక కట్టుకుంట," అంది అమ్మ. అప్పటికి ఆమెకు యాభై రెండేళ్లు.

నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. తుక్కుగూడలో కొత్తగా ఉద్యోగంలో చేరాను కదా, సైకిల్ నేనే కొనిస్తానన్నాను. దుకాణంలో అమ్మ నేరుగా పోయి ఒక పాతరకం సైకిలెక్కింది. దాని హ్యాండిల్ వెనక్కి వంగి చేతులకు అందేట్టుంది.

"గిది మంచిగున్నది బిడ్డా. గంప మోసినట్టే నడుము నిటారుగ ఉన్నది."

"అది ముసలోళ్లదమ్మా. ఇప్పుడందరు ఇసొంటిదే తొక్కుతున్నరు," అంటూ తిన్నని హ్యాండిల్ ఉన్నదాన్ని చూపించాను. కాలేజీ పిల్లలు తొక్కే రకం. అమ్మ దానిమీద ముందుకు వంగి కూర్చుని, తల పైకెత్తి చూసింది.

"మెడ గుంజుతది."

"అలవాటైతది," అన్నాను.

ఉద్యోగం చేసే కూతురి మాట కాదనలేకపోయింది. నిజం చెప్పాలంటే, ఆరోజు నాకు ఆమె మెడ కంటే చూసేవాళ్ల కళ్లే ముఖ్యమయ్యాయి.

చెరువుకట్ట కింద పదిరోజులు పడుతూ లేస్తూ నేర్చుకుంది. పదకొండో రోజు మెడనొప్పికి తల దించుకుని పోతూ, ఎదురొచ్చిన బర్రెను ఆలస్యంగా చూసింది. పక్కకు తిప్పబోయి పడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పినా వేళ్లకు పట్టు రాలేదు. ఆ చేత్తో ఇక బ్రేకు నొక్కలేకపోయింది.

మొన్న సైకిల్ ఎవరికైనా ఇచ్చేద్దామని, ముందు బాగుచేయించడానికి మెకానిక్ ధర్మేందరన్న దగ్గరికి తీసుకుపోయాను. సంగతంతా విన్నాడు.

"హ్యాండిల్ మారిస్తే అయిపోతుండె గద చెల్లె. పది నిమిషాల పని. జర ఎవలనన్న అడగకపోయినవా?"

ఇంకెవరినో అడగడమెందుకు? దుకాణంలో అమ్మ అడగకుండానే చెప్పింది. నేనే వినలేదు.

వంపు హ్యాండిల్ వేయించి ఇంటికి తెచ్చాను. అమ్మ స్టాండు తీయకుండానే ఎక్కింది. ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేతిని ఊరికే ఆనించి, నిటారుగా కూర్చుంది. రెండుసార్లు పెడల్ తిప్పింది.

"అప్పుడే గిట్లుంటే శేరిగూడ దాక పోయొస్తుంటి," అని దిగింది.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.