చర్మానికి ఆరు నెలల సెలవు

డ్రైవింగ్ స్కూల్ మాస్టారికి మనిషి ముఖం కనిపిస్తే చాలు. పేరు అడగరు, ఊరు అడగరు, "రాత్రి పడుకునే ముందు ముఖానికి ఏం రాస్తారు?" అని అడుగుతారు. అవతలివాళ్లు "ఏమీ రాయం" అన్నారో, అయిపోయారన్నమాటే. ఆ రోజు క్లచ్చు, బ్రేకుల కంటే ముందు వాళ్లు ముడతలు తగ్గించే రెటినాల్ క్రీము సంగతి నేర్చుకోవలసిందే.

ఆఫీసు టేబుల్ దగ్గర కూర్చుని అప్లికేషన్లు నింపే ఆయన మేనకోడలికి ఈ పాఠమంతా కంఠతా వచ్చు. బఠాణీ గింజంత తీసుకోవాలి. కళ్ల దగ్గరికి, పెదాల దగ్గరికి పోనివ్వకూడదు. మొదట్లో వారానికి రెండు రాత్రులే. పైన మాయిశ్చరైజర్. పొద్దున సన్‌స్క్రీన్ రాయకుండా గడప దాటకూడదు. "మూడు నెలలు ఓపిక పట్టండి, ముడతలే మీకు దారిస్తాయి" అని మాస్టారు ముగిస్తారు. క్లాసులు ఏయే వేళల్లో ఉంటాయని ఫోన్ చేసినావిడకు మేనకోడలు ఒకసారి అలవాటులో "వారానికి రెండు రాత్రులు" అని చెప్పేసింది. ఆవిడ మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

ఈ పిచ్చి ఆయనకు ఊరికే పట్టుకోలేదు. పాతికేళ్లు కారులో ఒకే కిటికీ పక్కన కూర్చోవడంతో ఎండంతా ఒక చెంప మీదే పడింది. ఒకరోజు ఫొటో చూసి ఆయన భార్య, "ఇటు నుంచి చూస్తే మీరు, అటు నుంచి చూస్తే మీ నాన్నగారు" అంది. మాస్టారికి ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడే చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లి ట్యూబుతో తిరిగొచ్చారు. ఏడాది తిరిగేసరికి రెండు చెంపలూ దాదాపు రాజీకొచ్చాయి. అప్పటి నుంచి ఏ చెంపా ఆయన కంటపడి తప్పించుకున్నది లేదు.

ఒకసారి సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు కారు ఆపాడు. స్టీరింగ్ దగ్గర ఉన్నది నేర్చుకుంటున్న ఒక పెద్దాయన. లైసెన్సు ఆఫీసుకు కాగితాలు పట్టుకెళ్తూ మేనకోడలు వెనక సీట్లో ఉంది.

"కాగితాలు తియ్యండి" అన్నాడు పోలీసు.

"తీస్తాను గానీ, మీరు రోజంతా ఈ ఎండలోనేనా నిలబడేది?" అన్నారు మాస్టారు.

"అవును. అయితే?"

"సన్‌స్క్రీన్ లేదు, రెటినాల్ లేదు! మీకెన్నేళ్లు, యాభై రెండా?"

"ముప్పై ఎనిమిది" అన్నాడు పోలీసు నీరసంగా.

వెనక హారన్లు మోగిపోతున్నా పాఠం పూర్తయ్యాకే కారు కదిలింది. పది రోజుల తర్వాత అదే పోలీసు ఈల ఊదుకుంటూ స్కూలుకే వచ్చేశాడు. ముఖం కందిపోయి ఉంది. ముక్కు మీద పొట్టు లేస్తోంది.

"మాస్టారూ, మీరు చెప్పిందే రాశాను. చూడండి నా గతి!"

"ఎన్ని రోజులు రాశారు?"

"రోజూ. పొద్దునొకసారి, రాత్రొకసారి. తొందరగా పనిచేస్తుందని."

"ఎంత తీసుకున్నారు?"

పోలీసు తల దించుకున్నాడు. "నిమ్మకాయంత."

"ఇంత స్పీడులో బండి నడిపితే మీరు వదిలేస్తారా? వారం రోజులు ఆపండి. మాయిశ్చరైజర్ ఒక్కటే రాయండి. తగ్గాక మళ్లీ మెల్లిగా మొదలుపెట్టండి."

పోలీసు సెల్యూట్ కొట్టి వెళ్లిపోయాడు.

ఇక ప్రతి సోమవారం పొద్దున స్కూల్లో ముఖాల తనిఖీ. మెకానిక్, మరో ఇద్దరు నేర్పేవాళ్లు, మేనకోడలు మాస్టారి ముందు వరసగా కిటికీ వెలుగులో నిలబడాలి. "నువ్వు నిన్న సన్‌స్క్రీన్ ఎగ్గొట్టావు. నాతో అబద్ధమాడకు, నీ నుదురే చెబుతోంది!"

అలాంటి మనిషి ఒక సోమవారం మేనకోడలి ముఖం కాస్త ఎక్కువసేపు చూశారు. చటుక్కున వెనక్కి తిరిగి, "ఇవాళ్టి నుంచి రెటినాల్ బంద్. ఇక్కడ అందరి చర్మానికీ ఆరు నెలలు సెలవు" అని ప్రకటించారు.

మెకానిక్ చేతిలో పానా జారి కింద పడింది. "అదేంటి మాస్టారూ? ఇప్పుడిప్పుడే నా నుదురు దారికొస్తోంది!"

"చర్మానికి మాత్రం విశ్రాంతి అక్కర్లేదా?"

"మరి నిన్నటిదాకా..."

"నిన్నటి సంగతి నిన్నటితో సరి. అమ్మాయీ, నువ్వు ఇవాళ రాత్రి నుంచే మానెయ్యి. మాటివ్వు."

"సరే మామయ్యా" అందామె, ఆయనకు ఒంట్లో బాగుందో లేదోనని అనుమానంగా చూస్తూ.

ఆమె మనసు అప్పటికే మరో సంగతి మీద ఉంది. ఆమెకు రెండో నెల. ఏడాదిన్నర కిందట తొలిసారి నెల తప్పినప్పుడు సంతోషం పట్టలేక అందరికీ చెప్పేసింది. అది నిలవలేదు. ఆ బాధ ఒక ఎత్తయితే, కుశలమడిగిన ప్రతివాళ్లకూ ఆ సంగతి చెప్పుకోవడం మరో ఎత్తయింది. అందుకే ఈసారి ఐదో నెల వచ్చేదాకా నోరు మెదపకూడదని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు.

సెలవు ప్రకటించాక మాస్టారి మీద జోకులే జోకులు. చర్మం డాక్టరుతో గొడవపడ్డారని ఒకరు, మతి పోయిందని ఒకరు. దానికి తోడు ఆయన కార్లన్నీ ఆఫీసు కిటికీ ముందు నుంచి వెనక సందులోకి మార్పించారు.

"ఇక్కడ ఎండకు కార్ల చర్మం పాడవుతోంది."

"కార్లకు చర్మమేంటి మాస్టారూ?"

"పెయింటు చర్మం కాక మరేంటి?"

అందరూ నవ్వారు. మేనకోడలికి మాత్రం ప్రాణం హాయిగా ఉంది. రోజూ కిటికీలోంచి వచ్చే కార్ల పొగ వాసనకు ఆమెకు కడుపులో తిప్పేది.

మూడు వారాల తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏమేం మందులు వాడుతున్నావని అడిగి, "ముఖానికేమైనా రాస్తావా?" అంది.

"రెటినాల్ రాసేదాన్ని. మూడు వారాల కిందట మానేశాను."

"మంచి పని చేశావు. కడుపుతో ఉన్నప్పుడు అది వాడకూడదు. ఎవరు చెప్పారు?"

"మా డ్రైవింగ్ మాస్టారు" అంటూనే ఆమెకు సంగతి వెలిగింది. ఆ సోమవారం తన ముఖం చూసే ఆయన కనిపెట్టేశారు. తనొక్కతే మానేస్తే ఎందుకని ఎవరైనా ఆరా తీస్తారని, ఆయన అందరిచేతా మాన్పించేశారు!

తిరిగొచ్చేసరికి మాస్టారు కారు అద్దం తుడుస్తున్నారు.

"మామయ్యా, మీకు తెలుసు కదూ?"

"నాకు క్లచ్చు, బ్రేకు తప్ప ఏం తెలుసు?"

"మామయ్యా..."

"నువ్వు చెప్పేదాకా నాకేమీ తెలియదు. చెప్పాక కూడా, చెప్పొద్దన్నావంటే తెలియదు." ఆమె కళ్లు తుడుచుకోబోతుంటే, "కళ్ల కింద రుద్దకు, ముడతలు పడతాయి. వెళ్లి కూర్చో" అని కసిరారు.

ఐదో నెలలో ఒక పొద్దున ఆమె అందరినీ పిలిచి సంగతి చెప్పింది. మెకానిక్ చప్పట్లు కొట్టాడు. మాస్టారు రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని, కళ్లు ఇంతింత చేసి, "ఆఁ! నిజమా! ఎప్పుడు? ఎక్కడ? ఎలా?" అని కేక పెట్టారు.

"ఎలా అంటే ఏం చెబుతుంది మాస్టారూ పాపం!" అన్నాడు మెకానిక్.

మేనకోడలు పొట్ట పట్టుకుని నవ్వుతూ కుర్చీలో కూర్చుండిపోయింది. అప్పుడే మొదటిసారి ఆ వార్త విన్న మాస్టారు, బీరువాలో ముందే కొని దాచిన మెత్తటి దిండు తీసుకొచ్చి ఆమె వీపు వెనక సర్దారు.