పన్నెండేళ్లు మాట్లాడని రాజు మీద పంచాయితీ

నేను అద్దెకు దిగిన ఇంటి పెద్దాయన తన పెళ్లాంతో ఏడేళ్లుగా మాట్లాడటం లేదన్న సంగతి నాకు ఉప్పు వల్ల తెలిసింది.

కడప జిల్లాలో ఆ నేతగాళ్ల ఊరికి బడిపంతులుగా వెళ్లి, వాళ్ల వసారా గదిలో దిగిన మొదటి రోజది. నేనూ ఆయనా ఎదురెదురుగా కూర్చుని సంగటి తింటున్నాం. ఆమె వడ్డిస్తోంది. ఆయన పప్పు నాలుక్కి రాసుకుని, నా వైపు తిరిగి, "అయ్యవారూ, పప్పులో ఉప్పు శాల్లేదని చెప్పు" అన్నాడు. ఎవరికి చెప్పాలో నాకు అర్థం కాలేదు. ఇంట్లో మేం ముగ్గురమే ఉన్నాం. ఆమె ఆయన చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉంది. "చెప్పు నాయనా, నేను ఇనలే" అందామె నాతో. చెప్పాను. ఉప్పు వచ్చింది.

నేను రాకముందు ఆ పని మేక చేసేదట. ఆయన మగ్గం గుంటలో కూర్చుని, "కండెలు అయిపోయినాయే" అని మేకతో చెప్పేవాడు. ఆమె నూలు చుట్టిన కండెలు తెచ్చి పెట్టి, "తెచ్చినానని చెప్పు" అని మేకతోనే అనేది. నేను దిగాక మేకకు విశ్రాంతి దొరికింది. చదువుకున్నవాణ్ణి గదా, దాని ఉద్యోగం నాకిచ్చారు.

కారణం కూడా ఆమే చెప్పింది. మా వైపు వానలు మొండికేస్తే పాత కావ్యమొకటి తొమ్మిది రోజులు చదివిస్తారు. ఆ ఊళ్లో పద్యం చదివేవాడు మా పెద్దాయనే. నేస్తూ నేస్తూ మగ్గం పలక కొట్టుకునే తాళానికి పద్యాలు పాడుకునేవాడు. పక్కన కూర్చుని కండెలు చుట్టే ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ కావ్యమంతా చెవుల్లోంచి ఎక్కిపోయింది. ఏడేళ్ల కిందట ఒక కరువులో, నాలుగూళ్ల జనం ముందు ఆయన ఒక పద్యం దాటేశాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఆమె గట్టిగా అందించింది. ఆయన పుస్తకం మూసి, కండువా దులుపుకుని ఇంటికొచ్చేశాడు. నోరు కూడా అప్పుడే మూశాడు.

"తప్పు పట్టాలని కాదు నాయనా" అందామె. "ఆ పద్యం దాటేస్తే కతలో రాణెమ్మ అడివిలోనే నిలబడిపోతాది గదా. పాపం, ఇంటికి ఎట్ల వస్తాది? అందుకే అందించినా." కాసేపు రాట్నం తిప్పి, "ఒక్క మాటంటే శాలు. తిట్టినా శాలు" అంది. నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది.

ఆ ఏడు వానలు రాలేదు. వరిగకీ కొర్రకీ దుక్కులు దున్నుకున్న రైతులు ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసి, కావ్యం పెట్టించమన్నారు. పద్యం చదివాక అర్థం చెప్పే ముసలాయన పళ్లన్నీ ఊడి, ఏం చెప్పినా గాలి తప్ప మాట రావడం లేదు. అందుకని నన్ను పట్టారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మదరాసులో రెండేళ్లు చదివి, పరీక్ష తప్పి, తప్పినవాడికి ఉండే గర్వంతో తిరిగొచ్చాను. ఉత్త అర్థం చెప్పి ఊరుకుంటానా? పాత్రల స్వభావమెలాంటిదో, ఎవరి మనసులో ఏముందో విడమరిచి చెప్తానన్నాను. ఎవరూ వద్దనలేదు. అసలు నేనన్నది ఎవరికీ అర్థం కాలేదు.

కావ్యంలో కథ గుప్పెడంత. రాజ్యంలో వాన లేదు. వాన పడేదాకా రాణితో మాట్లాడనని రాజు ఒట్టు పెట్టుకుంటాడు. మధ్యలో రాణి వాన కోసం అడవికి పోయి మొక్కి వచ్చినా సరే, పన్నెండేళ్లు మాట్లాడడు. చివరికి ఒక పద్యంలో రాణిని పలకరిస్తాడు, వాన పడుతుంది. కవికి ఆ పలకరింపుకి ఒక్క పద్యమే దొరికింది. ఏనుగులకు నూటపది దొరికాయి. మొదటి రెండు రోజులూ పెదాలు పగిలిన జనానికి నేను కలువపూల కొలనులు వర్ణించి చెప్పాను.

మూడో రోజు ఆగలేకపోయాను. "రాజుది తపస్సు కాదు, ఒట్టి పంతం" అన్నాను. మా పెద్దాయన చెవులు ఎర్రబడటం చూసి నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది. జనం ఆ మాట పట్టుకున్నారు.

"అయితే రాజు బువ్వ యాడ తినేటోడు?"

"రాణి దగ్గరే."

"మరి కూరలో కారం ఎక్కువైతే ఎవరితో చెప్పేటోడు?"

"అయ్యవారితో" అన్నారెవరో వెనక నుంచి. వీధి వీధంతా నవ్వింది. ఆడవాళ్ల వైపు ఆమె మాత్రం తల వంచుకుంది. నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

ఐదో రోజుకి ఊరు రెండుగా చీలింది. రైతులు రాజు వైపు. ఒట్టు పెట్టుకున్నవాడు నిలబడొద్దా అంటారు. నేతగాళ్లు రాణి వైపు. మబ్బు రాకపోతే ఆయమ్మ ఏం జేసె అంటారు. చివరికి నేతగాళ్ల కులపెద్ద, పద్యం మధ్యలో చెయ్యెత్తి, పంచాయితీ పెట్టాడు. ఎవరి మీదనుకున్నారు? రాజు మీదే. నేను గుడ్లు తేలేశాను.

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఫిర్యాదు ఏదైనా సరే, రెండు పక్షాలూ ఎదురుగా నిలబడకుండా తీర్పు చెప్పరు. రాజు వచ్చే వీలు లేదు. "రాజు మాటలు చెప్తాండేది నువ్వే గదప్పా, నువ్వే నిలబడు" అన్నాడు కులపెద్ద మా పెద్దాయనతో. ఆయన లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పంచాయితీ పిలిస్తే లేవడం పుట్టుకతో వచ్చిన అలవాటు మరి. రాణి పక్షాన నన్ను మాట్లాడమన్నారు. మదరాసులో నేర్చుకున్నదంతా గుమ్మరించాను. రాజు అహంకారి అన్నాను, వాన సాకు మాత్రమే అన్నాను, పెళ్లాం ఎదుట చిన్నబోయానన్న ఉక్రోషం తప్ప ఇంకేమీ లేదన్నాను. ఆ చివరి మాట కావ్యంలో ఎక్కడా లేదు.

కులపెద్ద తాంబూలం ఉమ్మి తీర్పు చెప్పాడు. రాజుది తప్పు. పలకరించాల్సిందే.

"తొమ్మిదో రోజు పద్యంలో పలకరిస్తాడు గదా పెద్దయ్యా" అన్నాను.

"పద్యంలో పలకరిస్తే వాన గూడా పద్యంలోనే పడ్తాది. మాకు ఈడ పడాల." పెద్దాయన వైపు తిరిగాడు. "ఏమప్పా, ఏడేండ్లాయె."

"నా ఇంటి సంగతి మీకెందుకప్పా" అన్నాడాయన, ఇంకా చేతులు కట్టుకునే. "పద్యం చదివేది నా పని. చదువుతా."

చాలాసేపు లాగి పీకి ఒక రాజీకి వచ్చారు. తొమ్మిదో రోజు ఆమె రాణి స్థానంలో ఎదురుగా కూర్చోవాలి. ఆయన పుస్తకం మూసి, ఆమె మొహం చూసి ఆ ఒక్క పద్యం చెప్పాలి. వాన మాత్రం మధ్యాహ్నం దాటాకే పడేట్టు మొక్కుకోమని నేతగాళ్లు షరతు పెట్టారు. పొద్దున పూట వీధిలో గంజి పెట్టిన నూలు పడుగులు ఆరుతుంటాయి, తడిస్తే పాడైపోతాయి.

ఎనిమిదో రోజు ఆమె ఉతికిన చీర తీసి మడతలు చూసుకుంది. ఆయన నేసినదే. "నా మొగం జూసి చదువుతాడంటావా నాయనా?" అని నాలుగుసార్లు అడిగింది. "ఈతూరి నేను నోరు తెరవను. వక్క పెట్టుకుని కూసుంటా" అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నానికే పడుగులు చుట్టేశారు. ఆకాశంలో నిజంగానే రెండు మబ్బులున్నాయి. ఆమె చాప మీద, బుగ్గలో వక్కతో, పెళ్లికూతురులా బిగుసుకుని కూర్చుంది. ఆయన పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టి తలెత్తాడు. ఏడేళ్లలో ఆమె మొహం నేరుగా చూడటం అదే మొదలు. రెండు పాదాలు గడగడా చెప్పాడు. మూడో పాదం రాలేదు.

నోరు తెరిచాడు, మూశాడు. చూపు మాత్రం తిప్పుకోలేదు. "పుస్తకం చూడప్పా" అన్నాడు కులపెద్ద. ఆయన వినలేదు. ఆ పాదం నా ఒళ్లో ఉంది. పేజీ తిప్పితే చాలు, నేను అందించగలను. నేను పుస్తకం తెరవలేదు. ఆ ముసలి మొహంలో నేను మూడో రోజు నుంచీ చెబుతున్న అహంకారం మచ్చుకైనా లేదు. బడిలో పాఠం మరిచిపోయి నిలబడ్డవాడి భయముంది.

ఆమె వక్క ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది. మళ్లీ ఇటు మార్చింది. చివరికి అరచేతిలోకి ఉమ్మేసి, మూడో పాదం మెల్లగా అందించింది.

ఏడేళ్ల కిందటి తప్పు మళ్లీ అదే జనం ముందు చేసింది. ఆయన లేచి పోతాడనే అందరూ అనుకున్నారు. నేనైతే కండువా పట్టుకుందామని చెయ్యి కూడా చాచాను.

"గట్టిగా చెప్పు" అన్నాడాయన ఆమెతో. "ఇనపడల్యా."

ఆమె గట్టిగా చెప్పింది. ఆయన ఆమె వెనకే పలికాడు. నాలుగో పాదం ఇద్దరూ కలిసి చెప్పారు.

"అర్థం చెప్పు అయ్యవారూ" అన్నాడు కులపెద్ద. సిగ్గుతో తల వంచుకుని, కథ అయిపోయిందన్నాను. ఎవరూ నొక్కి అడగలేదు.

రెండు మబ్బులూ రాజంపేట వైపు తరలిపోయాయి. ఆ ఏడు వాన రానే లేదు. పలకరింపు నికరంగా జరగలేదనీ, పద్యంలో లేని మాట ఒకటి దొర్లిందనీ రైతులు చాలా రోజులు వాదించారు. నేతగాళ్లు మాత్రం తీర్పు అమలైందన్నారు.

మర్నాడు సంగటి దగ్గర ఆయన పప్పు నాలుక్కి రాసుకుని, "ఉప్పు శాల్లేదు" అన్నాడు. అలవాటు కొద్దీ నేను ఆమె వైపు తిరిగి నోరు తెరిచాను.

"నువ్వు తిను నాయనా" అందామె. "నేను ఇన్నాలే."