అల్పాకాలకు హారతి

ఆ రోజుల్లో అని మొదలుపెడితే ఎద్దులబండ్ల కాలం కథ అనుకునేరు. చేతిలో ఫోనూ, ఫోన్లో నెట్టూ అన్నీ ఉన్న రోజులే. లేనిదల్లా నాకు ధైర్యం. చింతామణి వైపు కెంచార్లహళ్ళి నుంచి బాగేపల్లి పక్కన పరగోడుకు కోడలిగా వచ్చి ఆర్నెల్లయినా, మా అత్త ముందు నా నోట్లోంచి "ఊఁ" తప్ప మాట పెగిలేది కాదు. ఆవిడ మంచి మనిషే. కాకపోతే పని ఎవరి చేతికీ వదిలేది కాదు. పొయ్యి దగ్గరికి పోతే చాలు, "నువ్వు కూచోమ్మా, నీకు తెలీదు" అనేది. (కూచుని కూచుని నడుంనొప్పి పట్టుకుంది. అదీ చెప్పుకోలేకపోయాను.)

అలాంటి ఇంటికి మా మరిది అల్పాకాల కబురు తెచ్చాడు. అల్పాకాలంటే ఎక్కడో పెరూ దేశపు కొండల్లో పెరిగే బొచ్చు జంతువులట. శని, ఆదివారాలు బెంగళూరు వాళ్ళు వచ్చి ఉండేందుకని తోటలో గదులు కట్టించాడు పాపం. వచ్చినవాళ్ళంతా "బాగుండాది" అని మెచ్చుకుని వెళ్ళిపోయారే గాని, రెండోసారి ఎవరూ రాలేదు. "అల్పాకాలు రెండొస్తే చాలు వదినా, పిల్లోళ్ళే అమ్మానాయన్ని ఈడ్చుకోనొస్తారు" అన్నాడు. ఇవి కూడా కలిసిరాకపోతే గదులకు తాళం వేసుకోవడమే. ఫోన్లో బొమ్మ చూసి అత్త తల అటూ ఇటూ తిప్పింది. "మూతి చూస్తే గొర్రెది, మెడ చూస్తే ఒంటెది. దీన్ని చేసేటప్పుడు బ్రమ్మకు నిద్దరొచ్చిండల్ల" అని తేల్చింది.

అయినా గడప తొక్కే కొత్త జీవం లక్ష్మితో సమానమని మా వైపు నమ్మకం. కొత్త ఆవును తెచ్చినా కాళ్ళు కడిగి, బొట్టు పెట్టి, హారతిచ్చాకే లోపలికి తీసుకుంటారు. ఇక విదేశీ లక్ష్ములంటే చెప్పాలా! కొట్టానికి సున్నం, గేటుకు మామిడాకులు, బారెడు బారెడు చామంతి దండలు. హాల్లో కూలర్ కొట్టంలోకి వెళ్ళిపోయింది. మామ తువ్వాలుతో విసురుకుంటూ "నేనూ నాలుగు కాళ్ళ మీద నిలబడితే నాకూ గాలి పెడతారేమో" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను వచ్చినప్పుడు ఇంత హడావిడి లేదే అని నా బాధ. (అసూయే. జంతువుల మీద అసూయపడిన కోడలు మా తాలూకాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.)

ముందురోజు అత్త నన్ను పిలిచి, "మే, రేపు హారతి నువ్వే ఇయ్యల్ల. కొత్త కోడలి చెయ్యి మంచిది" అంది. ఆ ఇంట్లో నాకు దక్కిన మొదటి పని! సాయంత్రమంతా ఖాళీ పళ్ళెం పట్టుకుని అద్దం ముందు తిప్పుతూనే ఉన్నాను.

పొద్దున్నే వ్యాను వచ్చింది. ఊరూ వచ్చింది. తప్పెట్లూ వచ్చాయి (పిలిపించింది అత్తే). తలుపు తీస్తే లోపల ఒక తెల్లది, ఒక గోధుమరంగుది, రెండూ మూలకు ఒదిగి వణుకుతున్నాయి. వాటిని తెచ్చినాయన మొహం చిట్లించి, "ఇట్ల బెదిరితే దించేదిల్లేదప్పా, ఎనిక్కి తీస్కపోతా" అన్నాడు. మరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. అత్త మాత్రం "తప్పెట్లు గట్టిగా కొట్టండప్పా, ఉషారుగా దిగుతాయి!" అని ఉత్సాహపరుస్తోంది. జనం ఎగబడి చూస్తూ "ముక్కు పర్వాలేదు", "జుట్టు బాగుండాది", "కొంచెం బెదురుగొడ్డు మాదిరుండాది" అంటున్నారు. సరిగ్గా ఇవే మాటలు నా గురించీ అన్నారు, ఇదే గేటు దగ్గర! పళ్ళెం పట్టుకుని ముందు నిలబడిన నన్ను ఆ తెల్లది చూసి సన్నగా "ఊఁ..." అని మూలిగింది. నా గుండె కలుక్కుమంది.

"తప్పెట్లు ఆపమనత్తా!"

ఎవరరిచారా అని నేనే వెనక్కి చూశాను. మొదలుపెట్టాక ఆగుతానా? "అందర్నీ గేటు బయటికి పొమ్మను! వచ్చినోళ్ళకి రోంత ఊపిరాడనీండి!"

తప్పెట్లు ఆగిపోయాయి. జనం గొణుక్కుంటూ వెనక్కి జరిగారు. చాలాసేపటికి తెల్లది ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దిగింది, దాని వెనకే రెండోది. తెల్లది హారతి వైపు కన్నెత్తి కూడా చూడకుండా, తిన్నగా అత్త దగ్గరికి పోయి, ఆవిడ కొప్పులోని చామంతులు పీకి తినసాగింది. అత్త కొయ్యబారిపోయింది. ముందు మామ నవ్వాడు, తర్వాత గేటు బయట ఊరంతా నవ్వింది. వ్యాను ఆయన "తినిందంటే ఇంక భయంలేదప్పా" అని తలుపు మూశాడు. మరిది హమ్మయ్య అంటూ అక్కడే మట్టిలో కూలబడ్డాడు.

జనం వెళ్ళాక అత్త నా పక్కన చేరింది. ఇప్పుడు తిడుతుంది కాబోలనుకున్నాను. "ఇంత నోరు పెట్టుకోని ఇన్ని దినాలూ యాడ దాంచింటివే?" అని, గొంతు తగ్గించి అడిగింది: "వచ్చిన దినం నీకూ ఊపిరాడలేదా మే?"

"ఆడలేదత్తా" అన్నాను. ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అల్పాకాలు మాత్రం నెమరు వేసుకుంటున్నాయి.

గదులకు తాళం పడలేదు, ఇప్పుడు మరిదికి పెళ్ళి కూడా కుదిరింది. కొత్త కోడలు దిగే రోజు గేటు దగ్గర ఎవరూ మూగకుండా చూసుకునే పని అత్తే పట్టుకుంది. ఆ వచ్చే పిల్లకు ఈ జాగ్రత్తలు అక్కర్లేదేమో, ఈ కాలం పిల్ల. పళ్ళెం పట్టుకుని వణుకుతూ నిలబడిన అప్పటి అమ్మాయి గుర్తొస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకుని తల నిమరాలనీ అనిపిస్తుంది.