మామకు బదులుగా సముద్రం ఒడ్డున

ఆ రోజుల్లో మా కొత్తకోట వైపు జనానికి నీళ్ళంటే బావిలోకి వంగి, ఉన్నాయా లేవా అని చూసుకునే వస్తువు. అట్లాంటి ఊరివాణ్ణి, ఇరవై ఏళ్ళప్పుడు ఒక చలికాలం నలభై రోజులు సముద్రం పక్కన కాపురం ఉన్నానంటే మావాళ్ళు ఇప్పటికీ సగమే నమ్ముతారు. (మిగతా సగం నేను చెప్పే తీరు వల్ల నమ్మరు.) ఎనిమిదో తరగతిలోనే బడికీ నాకూ పొత్తు కుదరక విడిపోయాం. అప్పటినుంచి హైవే మీద మా మేనమామ చాయ హోటల్లో చాయ పోస్తూ, లారీ డ్రైవర్లను నవ్విస్తూ బతికాను. ఆ విద్యలో మామే నా గురువు. మేమిద్దరం ఒకరి మీద ఒకరం వేసుకునే మాటలు వినడానికే కొందరు రెండో చాయ చెప్పేవాళ్ళు. అట్లాంటి మామకు ఒక పొద్దున పక్షవాతం వచ్చింది. మాట దక్కింది గానీ కుడికాలు ఈడ్చుకుపోయేది, మూతి ఒక పక్కకు లాగింది. ఆనాటి నుంచి ముక్కు కింద తువ్వాల చుట్టుకుని కూర్చునేవాడు. చలికేమో అనుకున్నాను.

తడి ఇసుకలో నడిస్తే కాలికి బలం వస్తుందనీ, కదలకపోతే ఇక మంచమే గతి అనీ దవాఖానలో చెప్పారు. మా హోటలుకు వచ్చే ఎండుచేపల లారీ డ్రైవరొకడిది బాపట్ల అవతల సముద్రపు పల్లె. "మా ఇంట్లో ఓ గది ఖాళీగానే ఉందండి, మా అమ్మ వండి పెడుద్ది" అన్నాడు. అత్త నన్ను పక్కకు పిలిచింది. "అల్లుడా, హోటలు నేను జూసుకుంట. నువ్వు మీ మామను నడిపియ్యి. ఊకె ముచ్చట్లు పెట్టుకుంట కూసోకు, నా మీద ఒట్టు" అంది. ఒట్టు తీసుకుని బస్సెక్కాం.

మొదటి రాత్రి నాకు నిద్ర లేదు. సముద్రం హోరు అచ్చం మా హైవే మీద లారీ వస్తున్నట్టే ఉంది. వస్తుంది, దగ్గరికొస్తుంది, ఆగదు. లేచి పొయ్యి ముట్టించాలా వద్దా అని తెల్లారేదాకా ఆలోచించాను. పొద్దున్నే "పా మామా, నడుద్దాం" అంటే మామ మంచాన్ని గోడ వైపు తిప్పించుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"డాక్టరు నడువుమన్నడు. ఎవ్వలు నడువాల్నో చెప్పలే. నువ్వు పోయి రా."

"నేను నడిస్తే నీ కాలు ఎట్ల బాగైతది మామా?"

"నా హోటల్ల ఇన్నేండ్లు తిన్నవు గదరా. నా బదులు జర నడువనీకి ఏం రోగం?"

అట్లా మామ వైద్యం నాకు జరగడం మొదలైంది. ఒడ్డు వెంట పాత ఐసు ఫ్యాక్టరీ దాకా పోవడం, రావడం. రెండు వారాల్లో నా పిక్కలు గుండ్రాళ్ళయ్యాయి. అత్తకు మాత్రం "మామ దినాం ఐసు ఫ్యాక్టరీ దాకా పోయొస్తున్నడు" అని కార్డు రాశాను. ఆమె సంబరంగా జవాబు రాయించింది: వాపసు వచ్చేనాడు బస్టాండు నుంచి ఇంటిదాకా మామను నడిపించుకుని రావాలట, ఊరంతా చూడాలట. ఆ కార్డు చదివాక నాకు అన్నం సహించలేదు.

చలికాలపు ఒడ్డు మీద మనిషి కనబడడు. మరబొమ్మలా పోయేవాణ్ణి, వచ్చేవాణ్ణి. పీతలతో మాట్లాడేవాణ్ణి. అవి సగం మాటలోనే బొరియల్లో దూరేవి. పల్లెలో వల బాగుచేసుకునేవాళ్ళకు జోకు చెబితే "అలాగా బాబూ" అని మళ్ళీ దారం పట్టుకునేవాళ్ళు. నవ్వించేవాడికి నవ్వేవాళ్ళు లేకపోతే ఎట్లుంటుందో నాకప్పుడు తెలిసింది. సాయంత్రం మామకే చెప్పేవాణ్ణి: ఈరోజు ఓడ వచ్చిందనీ, కప్తాను దిగి కడక్ చాయ అడిగాడనీ, కొత్తకోటకు రమ్మంటే ఓడకు దారి ఎటని అడిగాడనీ. మామ తువ్వాలను కళ్ళదాకా లాక్కుని గోడ వైపు తిరిగేవాడు. భుజాలు వణికేవి. పాపం, చలి అని దుప్పటి కూడా కప్పాను.

మూడో వారంలో వాన ముసురు పట్టింది. "వాయుగుండమంట బాబూ, రేడియోలో చెప్పారు. ఒడ్డుకెల్లమాకు" అంది డ్రైవరు తల్లి. అయినా పోయాను. నడక మీద భక్తితో కాదు, ఆ గదిలో, ఆ వీపు వెనక కూర్చోలేక. ఐసు ఫ్యాక్టరీ దగ్గరికి చేరేసరికి గాలి నన్ను ముందుకు తోసి, వెనక్కి పడేసింది. బోర్లా తిప్పిన పడవ కిందికి దూరి ముడుచుకున్నాను. నేను లేకపోతే కొత్తకోటలో ఎవరెవరు ఏడుస్తారో లెక్కపెడుతుంటే (లెక్క తొందరగానే అయిపోయింది) వానలో ఎవరో వస్తున్నట్టనిపించింది. ఒక కాలు వేయడం, ఒక కాలు ఈడ్వడం. గొడుగు వెనక్కి తిరగబడి పువ్వులా విచ్చుకుంది.

"ఒరే! ఏడ సచ్చినవ్‌రా! మీ అమ్మకు నేనేం జవాబు చెప్పాలె!"

బయటికి పాకి వచ్చి నిలబడ్డాను. భయానికి ఏడుపు రావాలి. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "ఇయ్యాల్టి నీ నడక నేను నడిచేసిన గద మామా. మళ్ళ ఎందుకొచ్చినవ్? డాక్టరు దినానికి ఒక్కసారే అన్నడు."

మామ నవ్వాడు. గట్టిగా, వానను మించి. నవ్వుతూనే చెయ్యి భుజం మీదికి పోయింది, తువ్వాల కోసం. అది లేదు. గాలి ఎప్పుడో ఎత్తుకుపోయింది. మూతి ఒక పక్కకు లాగి, ఇంకో పక్క కదలకుండా ఉన్న ఆ నవ్వును నేను మొదటిసారి చూశాను.

"మంచిగ లేదు గదరా?" అన్నాడు మెల్లగా.

"సగం నవ్వినవ్ మామా. ఇంకో సగం అత్త కోసం దాచిపెట్టినట్టున్నవ్."

పడవకు ఆనుకుని మళ్ళీ నవ్వాడు. "కప్తాను ముచ్చటకు నవ్వి నవ్వి ఊపిరాడలేరా ఆనాడు. పైకెల్లి నువ్వు దుప్పటి గూడ కప్పినవ్!" అన్నాడు. వానలో నా కళ్ళు ఎందుకు తడిశాయో ఆయనకు తెలియలేదు, వాన పుణ్యం.

తర్వాతి రోజుల్లో ఐసు ఫ్యాక్టరీ దాకా ఇద్దరం పోయాం. నలభయ్యో నాడు బస్టాండు నుంచి ఇంటికి మామ నడిచాడు. మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది. ఆగినట్టు తెలియకుండా ముగ్గురిని ఆపి, వాళ్ళ బర్రెల బాగోగులు అడిగాడు. వాకిట్లో అత్త కనబడగానే, డ్రైవరు తల్లి ఇచ్చిన కొత్త తువ్వాలను మూతి మీది నుంచి తీసి నా భుజాన వేసి, ఒట్టి మూతితో లోపలికి పోయాడు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు డాక్టర్లు నన్ను నడవమన్నారు. బదులు నడిచేవాడెవడూ దొరక్క నేనే బైపాసు వెంట నడుస్తున్నాను. చీకటి పడ్డాక కళ్ళు మూస్తే ఆ లారీల హోరు అచ్చం సముద్రమే. వస్తుంది, దగ్గరికొస్తుంది, ఆగదు. పొద్దంతా చూసినవీ చూడనివీ మామకు పైకే చెబుతూ నడుస్తాను, నా మాటకు నేనే నవ్వుతాను. ఎదురొచ్చేవాళ్ళు ఒక అడుగు పక్కకు జరిగి పోతారు. పోనీ. తువ్వాల భుజం మీదే ఉంది గానీ మూతి మీదికి లాక్కోను.